దీపం కొండెక్కిన సాయంత్రం

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒక ముసలమ్మ, ఆమె మొగుడు మద్దిలేటి. ఊ కొట్టు బంగారూ, లేకపోతే నిద్రపోయావనుకుంటాను.

మద్దిలేటి పొద్దున్నే గొర్రెల్ని తోలుకుని కొండమీదికి పోయేవాడు. మునిమాపుకి దిగి వచ్చేవాడు. పాపం, ఆయనకి చూపు మందగించింది. దారి పక్కనేమో లోతైన వాగు. అందుకని సుంకులమ్మ రోజూ వీధి గూట్లో కిరసనాయిలు దీపం పెట్టేది. దాన్ని చూసుకుంటూ ఆయన ఇల్లు చేరేవాడు.

ఒక్కోసారి గాలికి దీపం పోయేది. అప్పుడు సుంకులమ్మ "ఆరిపోయింది" అనేది కాదు. అపశకునం కదా. "దీపం కొండెక్కింది" అనేది. మనమూ అంతే అంటాం, నీకు తెలుసుగా.

కొన్నాళ్ళకి కొండమీద గాలిమరలు పెట్టారు. తాటిచెట్లకంటే పొడుగు. వాటి కరెంటంతా పట్నానికే పోయేది. ఆ తర్వాత ఇళ్ళమీద సోలారు పలకలు పెట్టారు. ఎండ తాగి కరెంటు ఇస్తాయి. ఆ తర్వాత ఇంటింటికీ ఒక తెల్ల బల్బు ఇచ్చారు. దానికి చిటికెడు కరెంటు చాలు, ఇల్లంతా పట్టపగలే. మంచివే, నేను కాదనను. పొగ లేదు, కళ్ళు మండవు. సుంకులమ్మ మురిసిపోయి బల్బుని గూట్లో పెట్టింది. పాత దీపం అటకెక్కింది. ఊళ్ళో కిరసనాయిలు అమ్మడమే మానేశారు.

అప్పుడు ముసురు పట్టింది. మొదటిరోజు బల్బు మసకగా వెలిగింది. రెండోరోజు మిణుకుమిణుకుమంది. మూడోరోజు సందెవేళకి పూర్తిగా పోయింది. మద్దిలేటి ఇంకా కొండమీదే ఉన్నాడు.

సుంకులమ్మ అటకమీంచి దీపం దించింది. అందులో చుక్క కిరసనాయిలు లేదు. వంటనూనె పోసి ప్రమిద వెలిగించింది. వానజల్లుకి అది నిలవలేదు.

గాలిమరల దగ్గర కాపలాకి ప్రణీత్ అని ఒక పట్నం కుర్రాడు ఉండేవాడు. వాడి దగ్గర పెద్ద టార్చిలైటు ఉంది. సుంకులమ్మ వాడికి ఫోను చేసింది.

"నాయనా, మా ముసలాయన ఇంకా దిగిరాలేదు. దీపం కొండెక్కింది."

"కొండెక్కిందా? అయితే భయం లేదులే అవ్వా," అన్నాడు వాడు.

విన్నావా? పుట్టినప్పట్నుంచీ బల్బుల కింద పెరిగినవాడు, వాడికి ఆ మాట తెలీదు. ఎవరో లాంతరు పట్టుకుని కొండెక్కారనుకున్నాడు. గదిలోనే ఉండిపోయాడు. సుంకులమ్మేమో వాడు టార్చి వేసుకుని బయల్దేరాడనుకుంది. గడపలో కూర్చుని ఎదురుచూసింది.

తెల్లారేసరికి గొర్రెలు వచ్చాయి. వాటి వెనక ఎవరూ రాలేదు. మద్దిలేటి ఆ వాగులోనే పోయాడు తల్లీ.

ఆ తర్వాత ప్రణీత్ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "దీపం ఆరిపోయిందని ఒక్కమాట అనుంటే పరిగెత్తేవాణ్ణి కదా అవ్వా," అన్నాడు.

"ఆ మాట అంటే ఆయనకేమన్నా అవుతాదని భయపడితిని నాయనా," అంది సుంకులమ్మ.

మాట దాస్తే కీడు కూడా దాక్కుంటుందనుకుంది, పిచ్చితల్లి. అందరి నోళ్ళూ అంతేలే.

ఇప్పుడు ఆ ఊరికి పెద్ద బ్యాటరీలు వచ్చాయి. ఎంత ముసురు పట్టినా లైట్లు పోవు. సుంకులమ్మ గూట్లో బల్బు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసుకుంటూ దిగి వచ్చే మనిషే లేడు.

ఏడవకు, ఇలా దగ్గరికి జరుగు. ఇదిగో, లైటు ఆర్పేస్తున్నాను. ఆర్పేస్తున్నాననే అన్నాను, చూశావా?

కథ పోయె కంచికి,
గొర్రె పోయె దొడ్డికి,
వెలుగు పోయె కొండకి,
మనం పోదాం ఇంటికి.