తెర మీద పడిన జడ

శ్రావణ శుద్ధ దశమి, బుధవారం, పొద్దెక్కి నాలుగు గడియలు. సరిగ్గా ఆ వేళకి కొండవాగు రాజుగారికి కొత్త ముచ్చట పుట్టిందని మా అవ్వ చెప్పేది. తిథి తప్పు చెబితే ఊరుకునేది కాదు.

పొరుగు రాజ్యాల వాళ్లు మన ఊరు చూడ్డానికి రావాలి, అందుకని కళలూ పండుగలూ వచ్చే అతిథులూ చూసుకోవడానికి ఒక మంత్రి కావాలన్నారు రాజుగారు. ఆ మాట పూర్తవకుండానే కొలువులో ఉన్న సూరపరాజుగారు శాలువా సర్దుకుని లేచారు. పదవి ఆయనదైపోయింది.

ఆయన జన్మలో ఒక్క ఆటా కూర్చుని చూసినవారు కాదు. అయినా మొదటి ఉత్తర్వు అక్కడే ఇచ్చారు. వీధి భాగవతుల మేళం పొద్దుగూకేలోగా ఊరు దాటాలట. అతిథులకి తన మీద తానే రాసుకున్న పదకొండు వందల పద్యాలు చాలునట.

కోట వాకిట్లో ఆ మేళం వాళ్లు గుండెలు చిక్కబట్టుకుని నిలబడ్డారు. ఏడాది తిండి ఈ పండుగ ఆటల మీదే. అందులో రాణి వేషం కట్టే చిదంబరం, రాజుగారికి తాంబూలం అందించే సింగయ్యకి బావమరిది. ఆ సింగయ్యే మా అవ్వకి ముత్తాత.

సింగయ్య ఆకు మడుస్తూ సూరపరాజుగారికి మెల్లగా మనవి చేసుకున్నాడు. అంతటి రసికులు చూడకుండా పంపేస్తే లోకం ఏమనుకుంటుంది, ఒక్కసారి పరీక్షించమన్నాడు.

సూరపరాజుగారు పొంగిపోయారు. "నా చెయ్యి పడనిదే ఈ రాజ్యంలో ఏ కళా గడప దాటదు."

"మా కోరికా అదే దొరా. తమరే పట్టుకుని చూడండి," అన్నాడు సింగయ్య.

మేళంలో ఇద్దరు తెర పట్టారు. మృదంగం మోగింది. తెర మీంచి నిలువెడు పూలజడ ఇవతలికి జారిపడింది.

కొలువులోని పెద్దలందరూ గబగబా చేతులు చంకల్లో దాచుకున్నారు. సూరపరాజుగారు మాత్రం ముందుకెళ్లి జడ ఎత్తారు, లాగారు, వాసన చూశారు. పూలు వాడినవి, కుచ్చులు ఇత్తడివి అని చెబుతుండగా మృదంగం ఆగిపోయింది.

తెర దిగింది. రాణి వేషంలో చిదంబరం వయ్యారంగా దండం పెట్టాడు.

"ఏ తాళమైనా సరే స్వామీ. మొదలుపెట్టండి."

"ఏమిటి మొదలుపెట్టేది?"

ముసలి పండితుడొకాయన లేచి చెప్పాడు. తెర మీద జడ వేయడమంటే, ఆటలో నన్ను గెలిచేవాడుంటే రమ్మని సవాలు. ముట్టుకున్నవాడు ఒప్పుకున్నట్టే. గెలిస్తే ఆ జడ కోయొచ్చు. ఓడితే మేళానికి సభలో తల వంచాలి.

సూరపరాజుగారు రాజుగారి వైపు తిరిగి, తాను ఊరికే చూశానని నసిగారు. సింగయ్య చేతులు జోడించాడు.

"చేత్తో చూడడం అయింది ప్రభూ. ఇక కాళ్లతో చూపించడమే తరువాయి."

రాజుగారి నోట్లో తాంబూలం నిలవలేదు. సూరపరాజుగారు కుడికాలు ఎత్తారు. ఎక్కడ దించాలో తెలియక కొంగలా నిలబడ్డారు. దించబోతే శాలువా కాలికి చుట్టుకుని వెళ్లి మృదంగం మీద కూర్చున్నారు. అది ధిమ్మంది. కొలువంతా పొట్టలు పట్టుకుంది. పాపం, చివరికి ఆయనా నవ్వారు. లేచి మేళానికి తల వంచారు.

పండుగ తొమ్మిది రోజులూ భాగవతుల ఆటే అన్నారు రాజుగారు. సూరపరాజుగారు రోజూ ముందు వరసలో కూర్చుని చూడాలన్నారు. మంత్రి పదవి సింగయ్యకిచ్చారు.

మర్నాడు పొద్దున్నే సింగయ్య ఇల్లాలు చెంచమ్మ, నరసింహస్వామికి దీపం పెట్టి వాకిలి తీస్తే, అతిథుల్ని చూసుకునే మంత్రి ఇల్లు కదా అని మేళం మేళమంతా అరుగు మీద ఉందట. ఇంటిల్లిపాదీ గారెలకి పప్పు రుబ్బడానికి కూర్చున్నారు. చెవుల వెనక రంగు ఇంకా వదలని చిదంబరం కూడా.