గవరమ్మ పిల్లకాలి కొలత

కొండలకి పేర్లు పెట్టారు గానీ ఏళ్ళకి ఇంకా లెక్క పెట్టని రోజులవి. అనగనగా ఆ రోజుల్లో, అడవి అంచున ఇప్పలవలస అని ఒక ఊరు. ఊరంటే పాతిక గడప. ఆ పాతికలో చివరి గడప గవరమ్మది.

గవరమ్మకి పొలం లేదు, పశువు లేదు, మొగుడు లేడు. అడవికెళ్ళి అడ్డాకులు కోసుకొచ్చేది. ఆకు మీద ఆకు పెట్టేది, పుల్ల గుచ్చేది, విస్తరి కుట్టేది. సంతలో అమ్ముకునేది. ఆమెకి ఇద్దరు బిడ్డలు. పెద్దవాడు దాలయ్య, చిన్నది చిలకమ్మ.

దాలయ్య చదువుకునే ఈడుకి ఊళ్ళో బడి లేదు. గెడ్డవాగు దాటి, కొండ ఎక్కి దిగితే కోటపాలెంలో ఉంది. రోజూ పోయిరాలేడని వాడిని అక్కడే ఒకరింట్లో ఉంచింది. ఏడాది తర్వాత వాడు తల్లిని చూడ్డానికొచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, మంచినీళ్ళు తాగొచ్చా?" అని అడిగాడు. సొంత ఇంట్లో, సొంత కుండ దగ్గర.

గవరమ్మ నీళ్ళు ముంచి ఇచ్చింది. వాడు వెళ్ళాక రోజూ అదే ఆలోచన. వాడికి మారు వడ్డిస్తున్నారో లేదో. జ్వరమొస్తే నుదురు ఎవరు తడుముతున్నారో. తను చేసింది మంచో చెడో. చిలకమ్మని మాత్రం ఎక్కడా వదలకూడదని అప్పుడే అనుకుంది.

చిలకమ్మ మాటలు నేర్చేవేళకి, దాలయ్య కోటపాలెంలో పై పాఠాలకి వెళ్ళిపోయాక, ఊరికి బడి వచ్చింది. దివాణం ఇచ్చిన బడి. పంతులికి గింజలు దివాణం ఇచ్చేది, కప్పుకి తాటాకు దివాణం ఇచ్చేది, పిల్లలకి పలకలు దివాణం ఇచ్చేది. షరతు ఒక్కటే. బడిలో ఇరవై మంది పిల్లలుండాలి. ఒక్కరు తగ్గినా గింజలు లేవు, తాటాకు లేదు, పలకలు లేవు.

ఏటా ఒకసారి తనిఖీదారు గుర్రమెక్కి వచ్చి లెక్క చూసేవాడు. పూర్వం తలలు లెక్కపెట్టేవారట. లెక్కకి నిలబడ్డ పిల్లలు బడి వెనక నుంచి చుట్టి వచ్చి మళ్ళీ నిలబడేవారు. అందుకని దివాణం పద్ధతి మార్చింది. ఆ రోజు బడిపిల్లలకి ఊరు భోజనం పెట్టాలి. పిల్లలు తిని లేచాక తనిఖీదారు ఎంగిలి విస్తళ్ళు లెక్కపెడతాడు. పిల్లలు పరిగెడతారు గానీ విస్తళ్ళు పరిగెట్టవు కదా.

మొదటి ఏడు ఇరవై ఒకటి లేచాయి. రెండో ఏడు సరిగ్గా ఇరవై. మూడో ఏడు రెండిళ్ళవాళ్ళు కూలి వెతుక్కుంటూ పల్లానికి దిగిపోయారు. బడిలో పదిహేడుగురు మిగిలారు.

లెక్కకి ముందురోజు ఊరి పెద్ద పోలినాయుడు గవరమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటే గవరమ్మా, ఎన్ని కుడుతున్నావు?"

"పదిహేడు బావూ."

"ఇరవై కుట్టు. మూడింటికి ఇంత పప్పు పూసి, నాలుగు మెతుకులు జల్లి మడిచెయ్యి. తిన్నట్టే ఉంటాది."

"ఆయన కనిపెడితేనో?"

"ఎంగిలాకుల్లో ఏలు పెట్టి సూస్తాడేటి? ముక్కు మూసుకుని దూరం నుంచే లెక్కెడతాడు."

ఆకు మీద ఆకు పెట్టింది, పుల్ల గుచ్చింది, ఇరవై కుట్టింది గవరమ్మ. కుడుతున్నంతసేపూ లెక్కలు వేసుకుంటూనే ఉంది. కొండ అవతల ఒక ఊరు ఇలాగే చేసి దొరికిపోయింది. ఆ ఊరికి మరి బడి ఇవ్వలేదు. దొరక్కపోతే వచ్చే ఏడు మళ్ళీ చెయ్యాలి, పై ఏడు మళ్ళీ చెయ్యాలి. చెయ్యకపోతే ఈ ఏడే బడి పోతుంది, చిలకమ్మ కోటపాలెం పోతుంది.

మర్నాడు భోజనాలయ్యాయి. తనిఖీదారు ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని ఒకసారి లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. మూడోసారీ లెక్కపెట్టాడు.

"పదిహేడు," అన్నాడు.

పోలినాయుడు గవరమ్మ వైపు తిరిగాడు. "మిగతా మూడూ ఏవే?"

"నా కింద ఉన్నాయి బావూ. ఆటిలో ఎవులూ తిన్లేదు," అంది గవరమ్మ, మూడు విస్తళ్ళ మీద కూర్చుని.

ఊరంతా ఆమె మీద విరుచుకుపడింది. "నీ నిజం పొయ్యి మీదెడితే ఉడుకుతాదా?" అన్నారొకరు. "దీని పిల్లకి సదువొద్దేమో, మా పిల్లలకి కావాల," అన్నారింకొకరు. అయినా గవరమ్మ లేవలేదు.

తనిఖీదారు ఒక పక్క పోలినాయుణ్ణి చూశాడు, ఒక పక్క గవరమ్మని చూశాడు. "నిజం చెప్పావు, మంచిదే. దొంగ విస్తళ్ళ మాట నేను దివాణంలో ఎత్తను. కానీ పదిహేడు పదిహేడే. ఈ బడి మూత. పిల్లలు కోటపాలెం వెళ్ళొచ్చు. ఎంతో లేదు, రెండు కోసుల దూరం. గుర్రం మీద ఇట్టే వచ్చేశాను."

"మాకు గుర్రాల్లేవు బావూ," అంది గవరమ్మ. "రేపు పొద్దున్న నా పిల్ల ఎనకాల నడిసి రండి. దాన్ని దాటి ముందుకెల్లకూడదు. ఆ తర్వాత మూసీండి."

తనిఖీదారు నవ్వి ఒప్పుకున్నాడు. ఎలాగూ అదే దారిన పోవాలి.

తెల్లారగానే బయల్దేరారు. ముందు చిలకమ్మ, చంకలో పలక. వెనక తనిఖీదారు. ఆ వెనక గవరమ్మ, గుర్రం కళ్ళెం పట్టుకుని.

గెడ్డ వచ్చింది. తనిఖీదారుకి మోకాలి లోతు, చిలకమ్మకి రొమ్ము లోతు. "ఎత్తుకో అమ్మీ," అన్నాడాయన.

"ఇయ్యాల ఎత్తుకుంటాను. రోజూ ఎవులెత్తుకుంటారు?"

ఆయనే పిల్లని ఎత్తుకుని దాటించాడు.

కొండ ఎక్కుడు వచ్చింది. చిలకమ్మ ఆగి ఆగి ఎక్కింది. ఆమె ఆగినప్పుడల్లా ఆయనా ఆగాడు.

దిగుడు వచ్చింది. గులకరాళ్ళ మీద చిలకమ్మ జారి కూలబడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడవలేదు గానీ చాలాసేపు లేవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది.

కోటపాలెం చేరేసరికి అక్కడి పంతులు బడి తలుపుకి గొళ్ళెం పెడుతున్నాడు.

"ఇయ్యాల్టికి బడి అయిపోయింది పాపా, రేపు రా," అన్నాడు.

చిలకమ్మ తనిఖీదారు వైపు చూసింది. "తాతా, మరింటికెప్పుడెల్తాం?"

తనిఖీదారు బడి అరుగు మీద కూర్చున్నాడు. వచ్చిన దారి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గుర్రం కళ్ళెం గవరమ్మ చేతిలోనే ఉంచి, "తల్లీబిడ్డా దీని మీద ఇంటికెళ్ళండి. నేను దివాణానికి బండిలో పోతాను," అన్నాడు.

ఒక నెల గడిచింది, కబురు లేదు. రెండో నెల గడిచింది, కబురు లేదు. ఊళ్ళో ఎవరూ గవరమ్మతో సరిగా మాట్లాడలేదు. మూడో నెలలో దివాణం బండి వచ్చింది. బండిలో గింజలున్నాయి, తాటాకు ఉంది, పలకలున్నాయి. వాటితో ఒక ఉత్తర్వు. పంతులు బడి ముందు నిలబడి చదివాడు. ఇకమీదట ఏ బడిలోనైనా ఇరవైకి తగ్గితే వెంటనే మూయకూడదు. ఆ బడిలో అందరికంటే చిన్న బిడ్డ వెనక తనిఖీదారు పక్క ఊరి బడి దాకా నడవాలి. బిడ్డ బడివేళకి చేరలేకపోతే, పిల్లలు ఎందరున్నా సరే, దివాణం ఆ బడిని పోషించాలి.

పోలినాయుడు గవరమ్మ గుమ్మంలోకి మళ్ళీ వచ్చాడు. "వచ్చే ఏడు ఎన్ని కుడతావో నీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

దాలయ్య కోటపాలెంలోనే పెరిగి, అక్కడే స్థిరపడ్డాడు. చిలకమ్మ ఇంట్లోనే ఉండి చదువుకుంది. గవరమ్మ ఇంకా చాలా ఏళ్ళు విస్తళ్ళు కుట్టింది, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. ఆమెకి గుడి కట్టలేదు, రాయి నిలపలేదు.

కానీ ఆ కొండల్లో ఇప్పటికీ ఎవరినైనా "ఫలానా ఊరు ఎంత దూరం?" అని అడగండి, వెంటనే చెప్పరు. "పెద్దకాలికా, పిల్లకాలికా?" అని ఎదురు అడుగుతారు. పిల్లకాలికి అంటే ఎక్కువ లెక్క చెబుతారు. దాన్ని గవరమ్మ కొలత అంటారు. బిడ్డలున్నవాళ్ళు ఆ లెక్క విన్నాకే అడుగు వేస్తారు.