పెరటి గోడ అవతల విష్ణుక్రాంత

అనగనగా కొండని ఆనుకుని ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక తల్లీ కూతురూ. తల్లి పేరు సన్యాసమ్మ, కూతురు ఈశ్వరి. ఇటు తిరిగి పడుకో బుజ్జీ, చెబుతా.

సన్యాసమ్మ నలభై ఏళ్ళు కొండా గట్టూ తిరిగింది. ఆకులూ వేళ్ళూ తెచ్చి, దగ్గొచ్చిన పిల్లలకీ ఒళ్ళు నొప్పులు పట్టిన పెద్దలకీ మందు నూరి ఇచ్చేది. దారిలో ఏ మొక్క కనబడినా చుట్టాన్ని పలకరించినట్టు పేరు పెట్టి పలకరించేది. ఈశ్వరికి మాత్రం మొక్కల సంగతి పట్టదు. బస్టాండు పక్కన చిన్న ఫోటో స్టూడియో పెట్టుకుంది. పెళ్ళికూతుళ్ళ నగల్ని ఆ పిల్ల ఫోటో తీసినట్టు చుట్టుపక్కల ఎవరూ తీయలేరు.

ఒక వానాకాలం సన్యాసమ్మ మెట్టు మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, మూడు నెలలు మంచంలో ఉంది. అప్పుడు డాక్టరు చూసి, "ఎముక అతుక్కుంది, ఇక లేచి నడవాలి. ఇప్పుడు నడవకపోతే మంచానికే ఉండిపోతావమ్మా" అన్నాడు.

సన్యాసమ్మ లేవలేదు. "కొండ ఎక్కలేని కాళ్ళతో ఎక్కడికి నడవాలి?" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి, తిండీ తగ్గిపోయింది. ఈశ్వరికి దిగులు పట్టుకుంది.

ఒకరోజు అన్నం కలుపుతూ, "అమ్మా, నీకేం కావాలో చెప్పు, తెస్తాను" అంది.

సన్యాసమ్మ గోడవైపే చూస్తూ, "ఈపాటికి విష్ణుక్రాంత పూసుంటాది" అంది.

"కొండ మీదికి వెళ్ళాలా?"

"కొండెందుకే? మన పెరటి గోడ అవతలే ఉంటాది. చిన్నప్పుడు రోజూ దాని మీదే గెంతేదానివి."

ఈశ్వరి మధ్యాహ్నం స్టూడియో మూసి, కెమెరా పట్టుకుని గోడ అవతలికి వెళ్ళింది. ఎంత వెతికినా పువ్వన్నది లేదు. నేలకి అంటుకున్న సన్నటి తీగలు, బూడిదరంగు ఆకులు, అంతే. వాటినే ఫోటో తీసి తెచ్చి చూపించింది.

"మొక్క అదే. మిట్టమధ్యాహ్నం వెళ్తే పువ్వెలా కనబడుతుందే? పొద్దున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాది" అంది సన్యాసమ్మ. ఎన్నాళ్ళకో ఆమె అన్ని మాటలు కలిపి మాట్లాడటం.

మర్నాడు ఈశ్వరి పొద్దున్నే వెళ్ళింది. గడ్డిలో అక్కడక్కడా నీలం చుక్కలు. ఒకటి తెంపి, తడిగుడ్డలో పెట్టి స్టూడియోకి పరిగెత్తింది. లైట్ల కింద పెట్టేసరికి పువ్వు వాలిపోయింది. అయినా తీసి తెచ్చింది.

సన్యాసమ్మ ఆ ఫోటో ఒక్కసారి చూసి పక్కన పెట్టేసింది. "ఎందుకు తెంపావే?" అంది. అంతే, మళ్ళీ గోడవైపు తిరిగిపోయింది. ఆ రోజు అన్నం కూడా ముట్టలేదు.

ఈశ్వరికి ఏడుపొచ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, ఉంగరాల ఫోటోలకని కొన్న లెన్సు తీసి తుడిచి పెట్టుకుంది.

మూడో రోజు వెళ్ళి, మంచు తడి ఇంకా ఆరని గడ్డిలో బోర్లా పడుకుంది. చీరంతా మట్టయింది. మోచేతుల మీద చీమలు పాకాయి. కెమెరాకి కన్ను ఆనించింది, చూస్తే ఏముందనుకున్నావు? నీ చిటికెనవేలి గోరంత పువ్వు. తెల్లవారే ఆకాశం నీలం. నడుమ తెల్లటి చుక్క. ఆకుల మీద వెండి పొడి చల్లినట్టు నూగు. ప్రతి నూగు చివరా ఒక మంచుబొట్టు. ఇంతమంది పెళ్ళికూతుళ్ళ నగలు చూశాను, ఇంత పనితనం ఎక్కడా చూడలేదే అనుకుంది ఈశ్వరి.

కానీ గాలి. పువ్వు ఊగుతూనే ఉంది. ఈశ్వరి ఊపిరి బిగబట్టి కాచుకుంది.

అప్పుడే పాలు పోసే లచ్చుమమ్మ అటు వచ్చింది. "ఏటమ్మా, ఏం పడిపోయింది?" అని అడిగింది. ఈశ్వరి కెమెరా మీంచి కన్ను తీయలేదు. చెవిదుద్దు పోయుంటుందనుకుని లచ్చుమమ్మ పాలక్యాను దింపి, వెనకాలే వస్తున్న మొగుణ్ణి కేకేసింది. ఇద్దరూ వంగి గడ్డి వెతకడం మొదలుపెట్టారు.

"కదలకండి" అంది ఈశ్వరి మెల్లగా. "పువ్వు."

ఇద్దరూ వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. కాసేపటికి లచ్చుమమ్మ మొగుడు, "ఇన్ని ఉన్నాయా ఇక్కడ? రోజూ తొక్కుకుంటూ పోతున్నాను" అన్నాడు. గాలి ఆగింది. ఈశ్వరి నొక్కింది.

ఆ ఫోటోని అరచేయంత కాగితం మీద తీసి తల్లి చేతిలో పెట్టింది. సన్యాసమ్మ దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. "దీని నూగు నా కళ్ళకి కనబడి పదేళ్ళయింది" అంది. వేలితో ఆకుల్ని నిమిరింది.

ఆ తర్వాత వేలు ఫోటో మూల దగ్గర ఆగింది. అక్కడ ఏదో పసుప్పచ్చగా, అలుక్కుపోయినట్టు ఉంది.

"ఇదేటి?"

"ఏమో అమ్మా, నేను చూడలేదు."

"పక్కనే ఉంటే చూడలేదా? ఇది నేలతంగేడా, ఇంకోటా?"

"తెలీదమ్మా."

సన్యాసమ్మ విసుక్కుంది. దుప్పటి తోసేసింది. కాళ్ళు కిందికి దించి, "పట్టుకో నన్ను" అంది.

ఆ రోజు గుమ్మం దాకా నడిచింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మర్నాడు పెరటి తలుపు దాకా వెళ్ళింది. మూడోనాడు పొద్దున, ఒక చేత్తో కూతురి భుజం, ఒక చేత్తో కర్ర పట్టుకుని, గోడ చుట్టూ తిరిగి అవతలికి చేరింది. ఈశ్వరి వేసిన ముక్కాలి పీట మీద కూర్చుని, వంగి చూసింది. చూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

"పల్లేరు పువ్వే! అరికాళ్ళలో గుచ్చుకునే పల్లేరు. దీనికోసమా నన్నింత దూరం నడిపించావు?"

ఈశ్వరి కూడా నవ్వింది. సన్యాసమ్మ ఆ పసుపు పువ్వుని కాసేపు చూస్తూ ఉండిపోయింది. "ముళ్ళున్నాయని దీని ముఖం ఎవరూ చూడరు. ఎంత ముద్దుగా ఉందో. పడుకో, దీన్నీ తియ్యి" అంది.

ఈశ్వరి పడుకుంది. సన్యాసమ్మ తన నీడ పువ్వు మీద పడకుండా పీట పక్కకి జరుపుకుంది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
దుప్పటేమో మెడదాకా మనిద్దరికి.