చౌడు చెక్కకి మిల్లు బూడిద

అనగనగా ఒక ఊరు. మరీ రాజుల కాలం నాటిది కాదులే చిట్టీ, మా పెద్దమ్మ కాపరం చేసిన ఊరే, తాడిగరువు. ఇటు తిరిగి పడుకో, చెబుతాను.

ఆ ఊరి చివర ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. పొద్దున్నే కూత వేసేది. ఉడికిన ధాన్యం వాసన ఊరంతా కమ్ముకునేది. ఆ వాసన తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ధాన్యం ఉడకబెట్టడానికి ఊక కాల్చేవాళ్ళు. ఆ నల్ల బూడిద గేటు పక్కన గుట్టలు పడేది.

మిల్లు పక్కనే మా పెద్దమ్మ పల్లాలమ్మకి ఒక చెక్క నేల ఉండేది. వాళ్ళమ్మ ఇచ్చిపోయిన నేల. ఉత్త చౌడు. వానొస్తే జిగురు, ఎండొస్తే రాయి. గడ్డి కూడా మొహమాటానికి మొలిచేది.

అప్పుడు మిల్లు షావుకారు మా పెదనాన్నని పిలిపించాడు. "పండని నేల నీకెందుకు అబ్బులూ, నాకిచ్చెయ్. బూడిద పోసుకుంటాను," అన్నాడు. పెదనాన్న తలూపి వచ్చేశాడు.

పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "మా అమ్మ నడుం విరుచుకున్న నేలని బూడిదగుంట చేయిస్తావా?" అంది. పెదనాన్న మెత్తని మనిషి. "సరే, వచ్చే వానాకాలం దాకా చూద్దాం. ఏమీ పండకపోతే మాత్రం ఇచ్చేద్దాం," అన్నాడు.

మిల్లు బూడిద చౌడుకి మంచిదని ఎవరో పెద్దమ్మ చెవిన వేశారు. అంతే, గంపలతో మోసి నేలంతా చల్లేసింది. ఆ తర్వాత ఏమైంది? గాలి కొట్టింది. బూడిదంతా లేచి వెళ్ళి ఇరుగింటి మంగాయమ్మగారు అరుగు మీద ఎండబెట్టిన వడియాల మీద వాలింది. ఆవిడ తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదు.

ఈసారి గాలికి లేవకుండా పెంటలో కలుపుదామనుకుంది పెద్దమ్మ. ఏడాదంతా పోగేసిన పశువుల పెంట మీద బూడిద కుమ్మరించింది. పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు ఉంటుందని తెలీదు పాపం. తెల్లారేసరికి పెంటంతా లోలోపల రాజుకుని పొగలు కక్కుతోంది. మిగిలింది మళ్ళీ బూడిదే. దాని ముందు కూలబడి ఏడ్చింది పిచ్చితల్లి.

అప్పుడు కళ్ళు తుడుచుకుని, ఇల్లిల్లూ తిరిగి పేడ అడిగింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం ఇంట్లోంచి పేడ బయటికిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని మా వాళ్ళ నమ్మకం. అందరూ లేదన్నారు. పెద్దమ్మ ఖాళీ గంపతో ఇంటికొచ్చింది.

శనివారం పొద్దున్న తలుపు తీస్తే, వాకిట్లో పేడగంప దించుతోంది మంగాయమ్మగారు. "నిన్న ఇవ్వకూడదు గదే, అందుకని. ఈసారైనా నీళ్ళు పోసి చల్లార్చి కలుపు ఆ బూడిదని," అంది. ఆవిడ వెనకాల వీధిలో ఆడవాళ్ళంతా తలో గంపా పట్టుకుని నిలబడ్డారు. అలాంటి ఇరుగుపొరుగు ఇప్పుడెక్కడుందే.

ఆ తర్వాత పెద్దమ్మ గొయ్యి తవ్వింది. చల్లారిన బూడిద ఒక వరస, పేడ ఒక వరస, అరటిబోదె ముక్కలూ ఎండాకులూ కూరతొక్కలూ ఒక వరస. తడిపింది, తిరగేసింది, తాటాకులు కప్పింది. చెయ్యి పెడితే వేడి తగలకుండా అయ్యేదాకా ఓపిక పట్టింది. అప్పుడు చేలో వేసి దున్నించింది. వాన పడ్డాక చూస్తే, అట్టలు కట్టే నేల పొడిపొడిగా విడిపోయింది. వంగనారు నాటితే బతికింది.

తొలికాయలు దిగే వేళకి, ఆ నేలలో పోయించడానికి షావుకారు బూడిద బండి తోలించుకుని వచ్చాడు. పెద్దమ్మ బెదురుగా పెదనాన్న వైపు చూసింది. మొగుడి మెతకతనం ఎరిగిన మనిషి కదా. పెదనాన్న వెళ్ళి ఎద్దులకి అడ్డం నిలబడ్డాడు.

"బండి ఆ గొయ్యి దగ్గరికి తోలించండి షావుకారుగారూ. బూడిద మాకు కావాలి. నేల మాత్రం మా అత్తగారిది, ఇవ్వం," అన్నాడు.

షావుకారు చేనంతా ఒకసారి చూశాడు. బండి గొయ్యి వైపు తోలించాడు. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని, మట్టి గుప్పిట్లోకి తీసుకుని, "అమ్మా, నీ నేల మనకే ఉండిపోయిందే," అని చిన్నపిల్లలా ఏడ్చింది.

బళ్ళ బూడిద గోతిలోకి,
గోతిలో ఎరువు చేలోకి,
చేలో కాయ కూరలోకి,
కథేమో కంచి దారిలోకి,
నువ్వేమో నిద్దర ఒళ్ళోకి.