సూరమ్మ ఇంటి నిప్పు

ఎప్పటి మాటో నాకూ సరిగ్గా తెలీదు గానీ పిల్లలూ, పొగడకోన అనే కొండ రాజ్యాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరవర్మ, నడిపివాడు శూరవర్మ. వాళ్ళిద్దరికీ సందేహం అంటే ఏమిటో తెలీదు. కడగొట్టువాడు కువలయుడు. వాడికి సందేహం తప్ప ఇంకేమీ తెలీదు. కుడి చెప్పు ముందు తొడుక్కోవాలా, ఎడమ చెప్పా అని గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. అందరూ వాడిని తికమక యువరాజు అనేవాళ్ళు.

ఆ రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. ఏడు సముద్రాల అవతల ఉండే ధూమ్రకేతుడనే మాంత్రికుడు పొగడకోనలో ఉన్న నిప్పంతా ఎత్తుకుపోయాడు. పొయ్యిలో నిప్పు లేదు, దీపంలో నిప్పు లేదు, కొలిమిలో నిప్పు లేదు. పొరుగు రాజ్యం నుంచి తెచ్చినా పొలిమేర దాటగానే ఆరిపోయేది. జనం నానబెట్టిన బియ్యం తిన్నారు, చలికి వణికారు. హోమం లేనిదే పెళ్ళి లేదు కదా, పాపం పెళ్ళికొడుకులకు తలలు నెరుస్తున్నాయి. మరకతవల్లి అనే రాజకుమారితో కువలయుడికి కుదిరిన పెళ్ళి కూడా అలాగే ఆగిపోయింది.

పెద్దవాడు కత్తి దూసి వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు కత్తి దూసి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక కువలయుడు బయల్దేరాడు. ఏ కత్తి తీసుకెళ్ళాలో తేల్చుకోలేక అసలు కత్తే మరిచిపోయాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది. "తాతా, ఎటు పోవాలో తెలీడం లేదు. కాస్త చెబుతావా?" అన్నాడు.

"మీ అన్నలు నన్నేమీ అడగలేదు నాయనా. నన్ను తొక్కుకుంటూ పోయి పడవెక్కారు. మాంత్రికుడి మీద కత్తి ఎత్తారు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే రాళ్ళైపోయారు. వాడి ప్రాణం వాడిలో లేదు. కోట వెనక చింతచెట్టు తొర్రలో ఉన్న చిలకలో ఉంది. ఎక్కు నా వీపు మీద" అంది తాబేలు.

ఏడు సముద్రాలూ దాటారు. కువలయుడు చెట్టెక్కి చిలకను పట్టుకున్నాడు. దాని పొట్ట ఎర్రగా, వెచ్చగా ఉంది.

"నీ మెడ నులిమితే మాంత్రికుడు చస్తాడా?"

"చస్తాడు."

"మా నిప్పు మాకు వస్తుందా?"

"నాకేం తెలుసు? నేనెప్పుడైనా చచ్చానా?" అంది చిలక.

కువలయుడికి తల తిరిగిపోయింది. ఇంతలో మాంత్రికుడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "బాబ్బాబు, నులమొద్దు!"

"అది సరే గానీ, మా నిప్పు ఎందుకు ఎత్తుకుపోయావయ్యా?"

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. మాంత్రికుడు చెట్టు కింద కూలబడ్డాడు.

"నాది మీ ఊరే బాబూ. సూరమ్మ కొడుకుని, పోలిగాణ్ణి. రాజుగారి ఉంగరం పోతే మా అమ్మ తీసిందన్నారు. మా ఇంటికి నిప్పూ నీళ్ళూ ఇవ్వొద్దని చాటింపు వేశారు. వానల్లో మా పొయ్యి ఆరిపోయింది. అమ్మ జ్వరంతో వణుకుతుంటే ఇల్లిల్లూ తిరిగి ఒక్క నిప్పు కణిక అడిగాను. ఎవరూ పెట్టలేదు. అమ్మ పోయింది. ఆ కసితోనే మంత్రాలు నేర్చి మీ నిప్పంతా ఎత్తుకుపోయాను."

కువలయుడికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో మాత్రం తెలియలేదు. "నాకేం తోచడం లేదు. మా ఊరు పోదాం పద. అందరినీ అడుగుదాం" అన్నాడు.

మాంత్రికుడు ముందు అన్నలిద్దరికీ ప్రాణం పోశాడు. వాళ్ళు చేతులు నొప్పులంటూ మూలిగారు. చిలకతో సహా అందరూ కలిసి పొగడకోన చేరారు.

కోట ముందు జనం పోగయ్యారు. "మెడ నులిమెయ్!" అన్నారు అన్నలు. "నులిమెయ్!" అన్నారు జనం.

కువలయుడు తల గోక్కున్నాడు. "నాకు మూడు సందేహాలు. ఎవరికి ఏం నష్టం జరిగింది? వాళ్ళకేం కావాలి? అది ఎవరు తీర్చాలి?"

ఒక్కొక్కరే చెప్పారు. మాంత్రికుడు తల వంచుకుని విన్నాడు. తర్వాత పోలిగాడిగా తన సంగతి చెప్పాడు. అది విని రాజుగారు సింహాసనంలో అటూ ఇటూ కదిలారు. చివరికి లేచి నిలబడ్డారు. "ఆ ఉంగరం నా పాత పావుకోళ్ళ పెట్టెలోనే దొరికింది. సిగ్గుపడి దాచిపెట్టాను. సూరమ్మ దొంగ కాదు" అన్నారు. ఊరంతా నోరు తెరిచింది.

అప్పుడు నాంచారమ్మ అనే ముసలామె ముందుకొచ్చింది. సూరమ్మ పక్కింటావిడే. "నా మనవడు ఈ చలికి తట్టుకోలేక చనిపోయాడు. నాకు వాడు కావాలి. ఇవ్వగలవా?"

"ఇవ్వలేనమ్మా" అని మాంత్రికుడు భోరున ఏడ్చాడు.

నాంచారమ్మ వాడి పక్కన కూర్చుంది. "నువ్వూ మీ అమ్మను ఇమ్మని నన్నడుగు పోలిగా. ఆ రోజు నా పొయ్యిలో బోలెడు నిప్పుంది. చాటింపుకు భయపడి తలుపేసుకున్నాను. నేనూ ఇవ్వలేను."

ఇప్పుడేం చెయ్యాలో కువలయుడికే కాదు, ఎవరికీ తెలియలేదు. నాంచారమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుని, "ముందు సూరమ్మ పొయ్యి వెలిగించండి" అంది.

రాజుగారు స్వయంగా ఆ పాడుబడ్డ ఇంటి కప్పెక్కి గడ్డి కప్పారు. సూరమ్మ దొంగ కాదనీ, ఇకమీదట ఏ ఇంటికీ నిప్పూ నీళ్ళూ ఆపకూడదనీ ఊరూరా చాటింపు వేయించారు. మాంత్రికుడు చిలకను తీసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. చిలక నోరు తెరిచి ఊదింది. పొయ్యి భగ్గుమంది.

నాంచారమ్మ చేతిలో పిడక పట్టుకుని గుమ్మం బయట నిలబడింది. "సూరమ్మా, కాస్త నిప్పు పెడతావా?" అని పిలిచింది.

పోలిగాడు లేచి గుమ్మంలోకి వచ్చి, పిడక మీద నిప్పు కణిక పెట్టాడు. ఆమె వెనక రాజుగారు నిలబడ్డారు. ఆయన వెనక ఊరంతా నిలబడింది.

ఆ నిప్పుతోనే కువలయుడి పెళ్ళి హోమం వెలిగింది. పీట మీద ఎటువైపు కూర్చోవాలో తెలియక వాడు నిలబడిపోతే, మరకతవల్లి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ తర్వాత వాడే రాజై చాలా కాలం పాలించాడు. ఏ తగువొచ్చినా తల గోక్కుని ఆ మూడు సందేహాలే అడిగేవాడు. ప్రతి చలికాలం పోలిగాడు తెల్లారక ముందే లేచి ఇల్లిల్లూ తిరిగి, ఆరిన పొయ్యి కనిపిస్తే వెలిగించేవాడు. నాంచారమ్మ ఇంటికి ముందు వెళ్ళేవాడు.

చిలక సూరమ్మ ఇంటి కప్పు మీదే ఉండిపోయింది. దాని మెడ నులిమితే ఏమయ్యేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఇక లేవండి పిల్లలూ, మన పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూద్దాం.