వంకర పిన్ను గుంటయ్య

జలపాతం కరెంటు వచ్చాక నల్లకొండ అడవిలో లాప్‌టాప్‌ల తయారీ జోరందుకుంది. ఏనుగు బొండమ్మ చేసేవాటికి లావు పిన్ను, కొంగ సన్నప్ప చేసేవాటికి సన్న పిన్ను, నక్క గుంటయ్య చేసేవాటికి వంకర పిన్ను. ఛార్జర్ పాడైతే మళ్లీ గుంటయ్య గుమ్మం తొక్కాల్సిందే. ఆయన బతుకంతా ఆ వంకరలోనే ఉంది.

ఇంతలో సింహం ఆజ్ఞ ఇచ్చింది. వానలు వెలిసేసరికి లాప్‌టాప్‌లన్నిటికీ ఛార్జింగుకు ఒకే నోరు, ఒకే రకం వైరు ఉండాలి. తాబేలు తాత పరీక్షించి ముద్ర వేస్తేనే సంతలో అమ్మకం.

గుంటయ్యకు రెండు పూటలు అన్నం సయించలేదు. ఆ తర్వాత చెవులు నిక్కాయి.

"నోరు ఒకటే ఉండాలన్నారు గానీ, ఏది పెడితే అది మింగాలని ఎవరన్నారే?" అన్నాడు పెళ్లాంతో.

నోరు అందరిలాగే పెట్టాడు. లోపల మాత్రం చిన్న తిరకాసు: తన వైరు గుచ్చితేనే ఛార్జి ఎక్కుతుంది. ఆ వైరు పైకి అచ్చం అందరి వైరులాగే ఉంటుంది. తాతకు అనుమానం రాకూడదని దానికి గుర్తు కూడా పెట్టుకోలేదు.

పరీక్ష రోజున తాత ఒక బుట్ట ముందుకు తోశాడు.

"మీ వైర్లు ఇందులో పడేయండి."

ముగ్గురూ పడేశారు. తాత బుట్టను గబగబా కుదిపాడు.

"ఇక నీది నాది లేదు. చేతికందింది తీసుకుని మీ లాప్‌టాప్‌కు గుచ్చండి."

గుంటయ్య బుట్టలో మూతి పెట్టి ఒక్కో వైరూ వాసన చూడసాగాడు.

"అది వైరు బావా, కోడి పులుసు కాదు!" అన్నాడు సన్నప్ప. చెట్ల మీద కోతులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

గుంటయ్య తోచక ఒకటి లాగాడు. మిగతా ఇద్దరూ తలొకటి తీసుకుని గుచ్చారు. బొండమ్మది వెలిగింది, సన్నప్పది వెలిగింది. గుంటయ్యది నల్లగా పడుంది.

"చెల్లెమ్మా, నీ వైరు ఓసారి ఇస్తావా?"

"అన్నీ ఒకటేగా అన్నయ్యా, ఎందుకు?" అంటూనే బొండమ్మ ఇచ్చింది. అదీ పనిచేయలేదు. గుంటయ్య సన్నప్ప వైరు లాక్కుని గుచ్చాడు. తెర తళుక్కుమంది.

"వెలిగింది! ఇదే నాది!" అని గుంటయ్య ఎగిరి గంతేశాడు.

"నీదా?" అన్నాడు తాత, ముద్రను తిరిగి సంచిలో పెట్టుకుంటూ.

ఆ సంతలో ఒకరి వైరు ఒకరు అడిగి తీసుకోవడంతో అడవంతా తిరునాళ్లలా వెలిగింది. గుంటయ్య మాత్రం ఇంట్లో కూర్చుని తన తిరకాసును తనే ఊడబీకుతున్నాడు.

నీతి: అందరిలా కనిపిస్తూ తన స్వార్థం దాచుకున్నవాడు, దాన్ని తన నోటితోనే బయటపెట్టుకుంటాడు.