కుక్క నమలడం మానేసిన రోజు

నేను ఇంతకుముందు ఏమీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే నవ్వుకోండి పిల్లలూ, ఏమీ అనుకోను. నిన్న మా ఎదురింటాయన తన కుక్క మూతిని దాని పెంటలోనే రుద్ది, "ఛీ, నీ జాతి బుద్ధే ఇంత!" అని కర్రతో కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. జాతి బుద్ధంట! ఆ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే వినండి.

ఒకప్పుడు కుక్కంత శుభ్రంగా తినే జీవం ఈ భూమ్మీద ఇంకోటి లేదు. తినేముందు కాళ్లు కడుక్కునేది. తిన్నాక మూతి తుడుచుకునేది. ఒక్కో ముద్దని ముప్పైసార్లు నమిలేది. పెంట కనబడితే చుట్టు తిరిగి పోయేది.

అది చూసి కాకికి ఒకటే నవ్వు. "కుక్క బావా, నువ్వు ఆ ముద్ద మింగేలోపు నేను నా పిల్లలకి పెళ్లిళ్లు చేసేస్తా!" అనేది.

"తొందరేముంది మరదలా? అన్నం ఎక్కడికి పోతుంది?" అనేది కుక్క, నములుతూనే.

ఆ కుక్కని మద్దిలేటి అనే రైతు, అతని పెండ్లాం ఓబులమ్మ తెచ్చుకున్నారు. జొన్నలు కోసి, నూర్చడానికి కళ్లంలో పోశారు. కళ్లం అంటే వాళ్లకి దేవుడి గదితో సమానం. చెప్పులతో ఎవ్వరూ అడుగు పెట్టరు. ఆ కళ్లానికి కుక్క కాపలా. కాపలాకి కూలి పొద్దున ఒక సంకటి ముద్ద.

కుక్క ఒప్పుకుంది. ఒక్క పక్షి వాలలేదు, ఒక్క పంది దరికి రాలేదు.

కానీ మద్దిలేటికి ఒక పాడు అలవాటు. కుక్క తినేటప్పుడు చిప్ప లాగేవాడు. "తింటున్నా లాక్కోవచ్చు, గుర్రు కూడా అనదు. ఎట్లా ఉంది నా కుక్క?" అని వచ్చినవాళ్లకి చూపించుకునేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లో చిప్ప తిరిగి దాని ముందు పెట్టడం మరిచిపోయేవాడు. కోళ్లొచ్చి సంకటి పొడుచుకు తినేవి.

కుక్క నోట్లో ఉన్న ఆ కాస్తనే నములుతూ చూస్తుండేది. ఏం న్యాయం ఇది?

ఒకరోజు కుక్కని కళ్లం పక్కన గుంజకి కట్టి, ఇద్దరూ సంతకు పోయారు. విప్పాలన్న ధ్యాసే లేదు. కుక్కకి దొడ్డికొచ్చింది. ఓర్చుకుంది. మూలిగింది. తాడు కొరికింది. ఎంతని ఓర్చుకుంటుంది? చివరికి ఆ కళ్లం అంచునే కూర్చుంది.

మద్దిలేటి వచ్చి చూశాడు. "కళ్లం మైల చేస్తావా!" అని మెడ పట్టి మూతిని అందులో రుద్దాడు. కర్ర విరిగేదాకా కొట్టాడు. కట్టింది ఎవరు? విప్పనిది ఎవరు? దెబ్బలు ఎవరికి?

మరుసటి రోజూ కట్టే ఉంచాడు. మళ్లీ అదే అవస్థ. దూరంగా మద్దిలేటి చెప్పుల చప్పుడు వినబడింది. తాడు పొడుగు మూరెడు. ఆ పెంటని దాచడానికి ఎక్కడా చోటు లేదు, ఒక్క కడుపులో తప్ప.

కళ్లు మూసుకుని తినేసింది.

ఓబులమ్మ చూసింది. "మామా! మామా! కుక్క పెంట తింటాంది!"

"థూ, ఇట్లాంటిది మన ఇంట్లోనా? తరిమెయ్!" అన్నాడు మద్దిలేటి వస్తూనే.

అప్పుడు తిరగబడింది కుక్క. మనిషి మీదికి కాదు. నాలుగు కాళ్లూ నేలకి తన్ని అరిచింది. "నేలతల్లీ, నువ్వు చూశావు కదా! నువ్వే చెప్పు!"

నేల అదిరింది. జొన్నలు గలగలమన్నాయి.

"చూశాను. పెట్టిన కూడు లాక్కున్నది నువ్వు. కట్టి మరిచింది నువ్వు. కొట్టింది నువ్వు. ఏం మద్దిలేటీ, చెడ్డ బుద్ధి ఎవరిది?"

మద్దిలేటి నసిగాడు. "కుక్కే కదా తల్లీ..."

"తింటుంటే నీ కంచం ఎవడైనా లాగాడా ఎప్పుడైనా?"



"అయితే ఈ అలవాటు తీసెయ్యి తల్లీ," అంది ఓబులమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"కడుపులో దూరిన భయం నేను తీస్తే పోయేది కాదు. పెట్టినోళ్లే తీయాలి. వేళకి కూడు పెట్టండి, పెట్టి ఎడంగా పోండి. పొద్దున్నే తాడు విప్పండి. పెంట పడితే అరవకుండా మీరే ఎత్తెయ్యండి. చెడ్డది నోట కరుచుకుంటే లాక్కోవద్దు, మంచి ముక్క చూపించండి, అదే వదుల్తుంది."

"కుక్క పెంట నేనెత్తాలా?" అని మద్దిలేటి విసవిసా వెళ్లిపోయాడు.

ఓబులమ్మ తాడు విప్పింది. సంకటి ముద్ద తెచ్చి పెట్టింది. పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుందో లేదో, ముద్ద లేదు! ఒక్క గుటకలో లోపలికి పోయింది.

కాకి నోరు తెరిచింది. "బావా, నమల్లేదే?"

"అన్నం ఎక్కడికి పోతుందో ఇప్పుడు తెలిసింది మరదలా," అంది కుక్క.

ఓబులమ్మ రోజూ వేళకి పెట్టి, దూరంగా కూర్చునేది. మూడు నెలలకి కుక్క మళ్లీ ఒకసారి నమిలింది. ఒక్కసారే. ఆమెకి అదే పండగ.

అప్పటినుంచే కుక్క నమలకుండా మింగుతుంది. తినేటప్పుడు చెయ్యి దగ్గరికొస్తే గుర్రుమంటుంది. భయపడితే తినకూడనిదీ తింటుంది. ఓబులమ్మ లాంటి మనిషి దొరికిన చోట మాత్రం, మెల్లగా, నమలడం గుర్తు తెచ్చుకుంటుంది.

ఇది రాసిన మర్నాడు తెల్లారి, ఎదురింటాయన లేవకముందే చీపురు, చేట పట్టుకుని పోయాను. పెంట ఎత్తేశాను. కుక్క ముందు రొట్టె పెట్టి, దూరం జరిగి, వీపు తిప్పి నిలబడ్డాను. ఆయన తలుపు తీసి, "ఏందక్కా ఇది?" అన్నాడు. మళ్లీ నోరు పెగల్లేదు. పైన రాసిన కాగితాలు ఆయన చేతిలో పెట్టి, చేట తీసుకుని వచ్చేశాను.